నూటపదిహేడో స్తంభం

ఉప్పుగాలికి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు.
సముద్రం పక్కన కొట్టిన ప్రతి మేకూ
ఆ రోజు నుంచే తుప్పింటి కోడలు.
బీచ్ రోడ్డు కెమెరాల అద్దాలు వారానికోసారి తుడుస్తాను
కంటికి పట్టిన పొర తీసినట్టు.
మెత్తటి గుడ్డ, స్పిరిట్ సీసా, నాలుగు స్క్రూడ్రైవర్లు,
ఇంత పెద్ద ఊరికి కళ్ళూ ముక్కూ బాగుచేసే సామాను
భుజానికి బరువు కూడా కాదు.

ఇవాళ టికెట్ జ్ఞానాపురం.
"అన్నా, నూటపదిహేడు మాట్లాడ్డం లేదు" అంది ఫోన్లో ఝాన్సీ,
కంట్రోల్ రూమ్ ఏసీకి గొంతు బొంగురుపోయి.
ఆమె గోడ నిండా తెరలు, తెరల నిండా ఊరు.
సిగ్నళ్ళు, చెత్తబళ్ళు, ట్యాంకుల్లో నీటిమట్టాలు.
గాజువాకలో ఆగిన బస్సు ఎర్రచుక్కై మిణికితే
మద్దిలపాలెంలో గొడుగు కింద నిలబడ్డ మనిషికి
ఇంకెంతసేపో తెలుస్తుంది.
అది చిన్న సంగతేం కాదు. నేనూ ఆ గొడుగు కింద నిలబడ్డవాణ్ణే.

నిచ్చెన వేసి పెట్టె విప్పాను.
బిగించిన రోజు దీనికి బంతిపూల దండ వేశారు,
ఎండిన దారం ఇంకా మెడకి వేలాడుతోంది.
గాలి పీల్చి అంకె చెప్పాల్సిన గొట్టానికి
నోటి నిండా నల్లటి పొడి.
బొగ్గు. కాటుక కన్నా మెత్తన.
దుమ్మెంతో లెక్కపెట్టే యంత్రం
దుమ్ము తినీ తినీ ఊపిరాడక ఆగిపోయింది.
నవ్వొచ్చింది. కాసేపటికి పోయింది.

"ఎన్నాళ్ళయింది ఝాన్సీ?"
"పదకొండు రోజులు."
"మరి బోర్డు మీద అంకె ఉందే?"
"ఖాళీ ఉంటే సిస్టమ్ ఊరుకోదన్నా,
ముందు వారం సగటు తీసి నింపేస్తాది."
కూడలిలో ఆకుపచ్చ అక్షరాలు: గాలి సంతృప్తికరం.
పదకొండు రోజులుగా ఈ వీధి
అయిపోయిన వారాన్ని పీలుస్తోంది.

కింద నిచ్చెన పట్టుకున్నావిడ పేరు ఎల్లయ్యమ్మ.
నేను పిలవలేదు, తనే వచ్చి పట్టుకుంది.
"నువ్వు పడిపోతే మళ్ళీ ఎవులొస్తారు బాబూ.
మొన్న వానల్లో గెడ్డ కాడ మీ గొట్టం
కుయ్యిమని అరిసింది గాబట్టే
బియ్యం మూట అటకెక్కించాం. దానికి పున్నెముంటాది.
ఇది మాత్రం ఏటి సెప్తాదో మాకు తెల్దు."

ఆవిడకి తెలిసింది వేరే ఉంది.
తలుపు వెనక పాల లెక్క క్యాలెండరు.
అరలీటరుకి ఒక గీత,
కొన్ని తేదీల పక్కన మసితో పెట్టినట్టు చుక్క.
మనవరాలికి ఆవిరి పట్టించిన రాత్రులట అవి.
రెండో వారంలోనే ఏడు.
"ఆ రోజుల్ల గాలి యార్డు మీంచి తోలింది.
సముద్రం కాడ్నించి తోలితే పిల్ల తొంగుంటాది."

ఫోటో తీసి ఝాన్సీకి పంపాను.
చాలాసేపు నీలం టిక్కులే.
"ఎక్కడ ఎక్కించమంటావన్నా, చుక్కలకి కాలమ్ లేదు."
"రిమార్కుల్లో రాయి."
"రెండొందల అక్షరాలే పడతాయి."
"ఏడు చుక్కలమ్మా. పడతాయి."

గొట్టం కడిగి, తుడిచి, బిగించాను.
దీపం మూడుసార్లు మిణికి నిలబడింది.
నూటపద్నాలుగు.
బోర్డు ఆకుపచ్చ వదిలి పసుపులోకి మారింది.
పునుగుల బండి దగ్గర ఎవరూ తలెత్తలేదు,
మూకుట్లో నూనె అలాగే చిటపటలాడుతోంది.
ఎల్లయ్యమ్మ ఒక్కతే అంకె కేసి చూసి, తలుపు కేసి చూసి
"నిజవే సెప్తన్నాది" అంది,
కోర్టులో తన తరఫు సాక్షి వచ్చినట్టు.

తర్వాత నా చేతిలో గుడ్డ చూసి
"ఎలాగూ మాసింది గదా,
ఓపాలి మా కిటికీ ఊసలు కూడా తుడిసీ బాబూ."

తుడిచాను. ఆరు ఊసలు.
టికెట్ మూసేటప్పుడు ఆ పని రాయలేదు.
గుడ్డ సంచిలోనే ఉంది, ఉతకాలి.
రేపు పొద్దున్న సీతమ్మధారలో
ఎవరింట్లోనో నీళ్ళ మీటరు వెనక్కి తిరుగుతోందట.